చిన్న గ్యాస్ టార్చి మంట కుదరడం లేదు, ఇనుము దగ్గరికి తీసుకెళ్తే టప్‌మని ఆరిపోతోంది

సైకిల్_శీను
నెల క్రితం మా ఊళ్ళో ఏసీ పని మానేసిన ఒకతని దగ్గర సెకండ్ హ్యాండ్‌లో చిన్న టార్చి సెట్టు కొన్నా. నడుమెత్తు కూడా లేని ఆక్సిజన్ సిలిండర్, ప్రెషర్ చూపించే మీటర్లు రెండున్న రెగ్యులేటర్, జంట పైపులు, టార్చి, మూడు నాజిళ్ళు. గ్యాస్ బండ నేనే పెట్టుకున్నా. తాతగారి సైకిల్ క్యారియర్ కాలు ఒకటి అతుకు దగ్గర ఊడిపోయింది, అది బాగుచేస్తూ పని నేర్చుకుందామని ఆశ. సమస్య ఏంటంటే, గ్యాస్ తిప్పి వెలిగిస్తే పసుపు మంట బాగానే వస్తుంది, ఆక్సిజన్ కొంచెం తిప్పగానే నీలంగా మారి బుస్సుమంటుంది, ఇనుము దగ్గరికి పెట్టగానే టప్‌మని ఆరిపోతుంది. మళ్ళీ వెలిగించాలి, మళ్ళీ టప్. నిన్న ఒక గంటలో ఇరవై సార్లు వెలిగించి ఉంటా. ఎప్పుడైనా ఆరకుండా ఉంటే అతకడానికి వాడే రాడ్ కరిగి గుండులా అయి జారి కింద పడుతోంది తప్ప ఇనుముకి అంటుకోవడం లేదు. మంట ఎలా సెట్ చేయాలి? ఇంకో ప్రశ్న, దీంతో వెల్డింగ్ (ఇనుమునే కరిగించి అతకడం) కూడా చేయొచ్చా, లేక బ్రేజింగ్ (ఇనుము కరగకుండా రాడ్‌ని మాత్రం కరిగించి అతకడం) ఒక్కటేనా?

గ్యారేజ్_గోపి
ఆక్సిజన్ ఎక్కువైంది. తగ్గించు. అంతే.

రాగిపైపు
గోపి అన్నది సగం నిజం. నాజిల్ మీద నంబర్ ఎంత ఉంది? గ్యాస్ వైపు ఏ రెగ్యులేటర్ పెట్టావు? ఆక్సిజన్ మీటర్ ఎంతలో పెడుతున్నావు? రాడ్ ఏది? ఇవి చెప్పకుండా మంట గురించి అడగడం, జ్వరం ఎంతో చెప్పకుండా మాత్ర అడిగినట్టు ఉంది.

వంకాయ_పచ్చడి
నా దగ్గర ఆన్‌లైన్‌లో కొన్న చేతి బ్యూటేన్ టార్చి ఉంది. వంకాయ కాల్చడానికి అద్భుతం, అయిదు నిమిషాల్లో తొక్క ఊడొస్తుంది. సైకిల్ మీద మాత్రం పనికిరాలేదు, కడ్డీ ఎర్రబడటానికే పావుగంట పట్టింది. అది కూడా సెట్టింగ్ లోపమేనా?

రాగిపైపు
@వంకాయ_పచ్చడి సెట్టింగ్ కాదు, వేడి చాలదు. అది గాల్లో ఉన్న ఆక్సిజన్‌తోనే మండాలి, ఆ గాల్లో అయిదింట నాలుగు వంతులు నైట్రోజన్, దాన్ని కూడా ఊరికే వేడి చేస్తూ కూర్చుంటుంది. సన్న రాగి పైపుకి సరిపోతుంది. లావు ఇనుప కడ్డీ అయితే నువ్విచ్చే వేడి ఇచ్చినట్టే అవతలి కొసకి పాకిపోతుంది. నువ్వు పచ్చడి మీద దృష్టి పెట్టు.

సైకిల్_శీను
నాజిల్ మీద అంకె అరిగిపోయింది, 1 లాగా కనిపిస్తోంది. ఆక్సిజన్ మీటర్ 2 దగ్గర పెట్టా. రాడ్ ఆ ఏసీ ఆయనే ఇచ్చాడు, చప్పటిది, రాగి రంగు. గ్యాస్ రెగ్యులేటర్ అంటే ఇంట్లో స్టౌకి వాడేదే, నొక్కితే టక్కుమని పడుతుందే అది. పైపు దానికి గుచ్చి క్లిప్పు బిగించా. అది కూడా మార్చాలా?

ఐటీఐ_మాస్టారు
మార్చేదాకా ఆ సెట్టు ముట్టుకోకు. బెదిరించడానికి కాదు, ఎందుకో చెప్తా విను.

స్టౌ రెగ్యులేటర్ బయటికి ఇచ్చే ప్రెషర్ చదరపు సెంటీమీటర్‌కి 30 గ్రాములు. అవతల నువ్వు ఆక్సిజన్‌ని 2 కిలోల దగ్గర పెట్టావు. అంటే ఒక గుమ్మంలో ఒక వైపు పిల్లాడు, ఇంకో వైపు ఎద్దు తోస్తున్నట్టు. నాజిల్ కొస ఖాళీగా ఉన్నంతసేపు ఇద్దరూ బయటికే పోతారు. కొసని ఇనుముకి ఆనించావనుకో, దారి మూసుకుంది, ఎద్దు వెనక్కి తిరిగి గ్యాస్ పైపులోకి దూరుతుంది. ఇప్పుడు నీ ఎర్ర పైపులో ఉన్నది ఉత్త గ్యాస్ కాదు, గ్యాస్ ఆక్సిజన్ కలిసిన మందుగుండు. తర్వాత అగ్గి చూపించినప్పుడు టప్ అనే శబ్దం నాజిల్ దగ్గరే ఆగితే నీ అదృష్టం.

నీకు కావాల్సింది హై ప్రెషర్ ఎల్పీజీ రెగ్యులేటర్, మీటర్ ఉన్నది, మర తిప్పి తగ్గించి పెంచుకునేది. దాంతోపాటు రెండు పైపులకీ ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు, అంటే వెనక్కి దూరిన మంటని ఆపేవి, టార్చి పిడి దగ్గర నాన్ రిటర్న్ వాల్వులు, అంటే గ్యాస్‌ని వెనక్కి రానివ్వనివి. పైపు కూడా ఎల్పీజీకి పనికొచ్చేదో కాదో అడిగి తీసుకో, ఎసిటిలిన్ (గ్యాస్ వెల్డింగ్‌కి వాడే గ్యాస్) కోసమే చేసిన కొన్ని రబ్బరు పైపులు ఎల్పీజీకి లోపల ఉబ్బి పాడవుతాయి.

గ్యారేజ్_గోపి
మాస్టారూ మరీ భయపెట్టకండి. మా వీధిలో స్టౌ రెగ్యులేటర్‌తోనే పదేళ్ళుగా పని చేస్తున్నవాళ్ళు ఉన్నారు. ఇంజెక్టర్ టార్చి అయితే ఆక్సిజనే గ్యాస్‌ని లాక్కుంటుంది, గ్యాస్‌కి ప్రెషర్ అక్కర్లేదు.

ఐటీఐ_మాస్టారు
@గ్యారేజ్_గోపి ఇంజెక్టర్ మాట ఒప్పుకుంటా. తక్కువ ప్రెషర్ గ్యాస్ కోసమే తయారైన టార్చిలు ఉన్నాయి, వాటిలో మధ్యలో సన్న రంధ్రంలోంచి ఆక్సిజన్ వేగంగా దూకి గ్యాస్‌ని వెంట లాక్కుపోతుంది. కానీ శీను దగ్గర ఉన్నది అదేనని ఎవరు చెప్పారు? అంకె అరిగిన నాజిల్, కాగితం లేని టార్చి. ఇంజెక్టర్ టార్చి అయినా సరే, నాజిల్ మూసుకుంటే ఆక్సిజన్ వెనక్కే వస్తుంది. పదేళ్ళు ఏమీ కాలేదంటే పదేళ్ళు నాజిల్ మూసుకోలేదని అర్థం.

రాగిపైపు
గోపీ, నా కళ్ళముందే జరిగింది చెప్తా. నేను హెల్పర్‌గా ఉన్న రోజుల్లో మేడ మీద ఒక ఏసీ అవుట్‌డోర్ యూనిట్ దగ్గర మా సీనియర్ ఇలాగే స్టౌ రెగ్యులేటర్‌తో పని చేస్తున్నాడు. టప్ అంది, తిట్టుకుంటూ మళ్ళీ లైటర్ కొట్టాడు. ఈసారి టప్ కాదు, పైపు మధ్యలో పొట్లకాయలా ఉబ్బి పగిలింది. నేను పరిగెత్తి బండ నాబ్ కట్టేశా. ఆయనకి ముంజేతి మీద వెంట్రుకలు పోయాయి, అంతకు మించి ఏం కాలేదు. ఆ సాయంత్రమే అరెస్టర్లు కొన్నాడు. కొన్నాక కూడా నెలరోజులు వెలిగించే ముందు మొహం పక్కకి తిప్పేసుకునేవాడు.

వంకాయ_పచ్చడి
పొట్లకాయ అన్నారు, ఇప్పుడు నేను మాట్లాడొచ్చా.

దమ్మాం_రాజు
ఇక్కడ సౌదీలో మా సైట్‌లో అరెస్టర్ లేకుండా సెట్టు కనబడితే సేఫ్టీ ఆఫీసర్ ట్యాగ్ పీకేసి పక్కన పెట్టిస్తాడు, ఆ రోజు పని లేదు. మొదట్లో అతి అనుకున్నా. ఊరికి వచ్చినప్పుడు మా బావ షాపులో పైపు టేపు చుట్టి వాడుతుంటే చూడలేకపోయా.

శీనూ, ఇంట్లో వంట బండని ఈ పనికి వాడకూడదు, చట్ట ప్రకారం కూడా తప్పే. 5 కిలోల చిన్న బండ విడిగా అమ్ముతారు, నీ పనికి అదే చాలా రోజులు వస్తుంది.

సైకిల్_శీను
అర్థమైంది, రెగ్యులేటర్ తీసేశా. అసలు టప్ అని అన్నిసార్లు వెలిగించినందుకు ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి. ఆక్సిజన్ వైపు మాత్రం బాగుంది కదా? ఆ రెగ్యులేటర్ నట్టు బిగుసుకుపోయి తిరక్కపోతే ఒక చుక్క కొబ్బరి నూనె వేసి తిప్పా, ఇప్పుడు సాఫీగా ఉంది.

ఐటీఐ_మాస్టారు
శీనూ. ఆక్సిజన్ సిలిండర్ వాల్వు తిప్పొద్దు. ఇంకోసారి కూడా వద్దు.

రాగిపైపు
అయ్యో రామా.

గ్యారేజ్_గోపి
ఇది మాత్రం నేను కూడా సమర్థించలేను తమ్ముడూ.

ఐటీఐ_మాస్టారు
ఇందాక బస్సులో ఉండి చిన్నగా రాశా. నిండు ఆక్సిజన్ సిలిండర్‌లో ప్రెషర్ దాదాపు 150 కిలోలు. వాల్వు గబుక్కున తెరిచినప్పుడు ఆ గ్యాస్ రెగ్యులేటర్ లోపలి ఇరుకు జాగాలో ఒక్కసారిగా నొక్కుకుపోయి వేడెక్కుతుంది, సైకిల్ పంపు అడుగు వేడెక్కినట్టే, కానీ అంతకన్నా చాలా ఎక్కువ. అక్కడ నూనె ఉంటే అగ్గిపుల్ల అక్కర్లేదు. స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో నూనె తనంతట తానే అంటుకుంటుంది, ఆ వేడికి రెగ్యులేటర్ లోహం కూడా మండుతుంది. ఒక చుక్కే కదా అనుకోకు.

చేయాల్సింది: వాల్వు మూసి ఉందని చూసుకో, రెగ్యులేటర్‌ని, సిలిండర్‌ని గ్యాస్ నింపే డీలర్ దగ్గరికి తీసుకెళ్ళి నూనె పడిందని దాచకుండా చెప్పు. పెట్రోలుతోనో థిన్నర్‌తోనో నువ్వే కడగకు. గ్రీజు చేతులు, నూనె గుడ్డ, తలకి నూనె రాసుకుని తుడుచుకున్న తువ్వాలు, ఏదీ ఆక్సిజన్ దగ్గరికి రాకూడదు. నట్టు తిరగకపోవడానికి కారణం ఇంకోటి ఉండొచ్చు. ఎసిటిలిన్, ఎల్పీజీ వైపు నట్లు లెఫ్ట్ థ్రెడ్, అంటే మామూలుకి తిరగబడి ఎడమకి తిప్పితే బిగుస్తాయి, నట్టు మీద అంచుల్లో గాట్లు ఉంటాయి చూడు. ఆక్సిజన్‌ది మామూలు థ్రెడ్. ఒకదానిది ఇంకోదానికి పట్టకూడదనే అలా చేశారు.

సైకిల్_శీను
గాట్లున్న నట్టు కూడా ఉంది, దాన్ని బిగించేవైపే తిప్పి విప్పుతున్నాననుకున్నా. మా ఇంట్లో ఈ చర్చ చదివి అమ్మ టార్చి దాచేసింది.

మోడరేటర్_2
అమ్మగారికి మా తరఫున ధన్యవాదాలు. ఈ చర్చ పైకి పిన్ చేస్తున్నా. వంకాయ జోకులు ఒక మోతాదులో ఉండనివ్వండి.

టెక్సాస్_తెలుగోడు
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నాదీ ఇలాంటి గోలే. ఇక్కడ ప్లంబర్లు వాడే ప్రొపేన్ టార్చి, డబ్బా మీద స్క్రూ చేసేది, ఒకటే నాబ్. గ్యారేజీలో నీళ్ళ పైపు అతకాలి. నాబ్ పూర్తిగా తిప్పితే మంట నాజిల్‌ని వదిలేసి పైన గాల్లో తేలుతూ ఆరిపోతోంది. తలకిందులుగా పెడితే ఒక్కసారి పసుపు మంట బుస్సున లేచి నా కనుబొమల దాకా వచ్చింది.

రాగిపైపు
@టెక్సాస్_తెలుగోడు మంట నాజిల్‌ని వదిలి తేలుతోందంటే గ్యాస్ బయటికొచ్చే వేగం మంట వెనక్కి పాకే వేగం కన్నా ఎక్కువైందని. తగ్గించు, కాసేపు నాజిల్ వేడెక్కనివ్వు. శీనుది దీనికి సరిగ్గా తిరగబడ్డ కేసు, అక్కడ వేగం చాలక మంట లోపలికి దూరుతోంది. తలకిందులు చేస్తే డబ్బాలో ద్రవం నేరుగా నాజిల్‌లోకి వస్తుంది, ఆవిరిగా రావాల్సింది నీళ్ళలా వస్తే మంట అలాగే లేస్తుంది. డబ్బా వీలైనంత నిటారుగా పట్టుకుని పని చేయి. నీళ్ళ పైపుకి మామూలు సోల్డర్ సరిపోతుంది, సీసం లేనిది వాడు.

మంట రంగు చూడొద్దు, ఆకారం చూడు. లోపల లేత నీలంగా చిన్న మొగ్గలా ఒకటి కనిపిస్తుంది, దాని కొసకి కొంచెం ముందర ఉన్న చోటు అన్నిటికన్నా వేడి. చాలామంది మొగ్గనే పైపుకి గుచ్చుతారు. అక్కడ గ్యాస్ ఇంకా పూర్తిగా కాలలేదు, అందుకే వేడి తక్కువ.

వెలిగారం_బాబాయ్
మాది కంసాలి కుటుంబం. మా నాన్న నూనె దీపం ముందు ఊదుగొట్టం పెట్టుకుని ఊపిరితో మంటని సూదిలా చేసేవాడు. బుగ్గలు నిండా గాలి పట్టి, ముక్కుతో పీలుస్తూ నోటితో వదులుతూ, మధ్యలో తెగనిచ్చేవాడు కాదు. రెగ్యులేటర్, మీటర్, నాజిల్ అన్నీ ఆయన బుగ్గలే. ఇప్పుడు నేను ఎల్పీజీ టార్చి వాడతా, మా అబ్బాయి నీళ్ళని విడగొట్టి ఆ గ్యాస్‌తో మంట ఇచ్చే మిషన్ పెట్టాడు.

శీనూ, మంట సంగతి వీళ్ళు చెప్తున్నారు, నీ రాడ్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. గుండు కట్టి జారుతోందంటే రాడ్ కరిగింది, ఇనుము వేడెక్కలేదు. నువ్వు మంటని రాడ్‌కి చూపిస్తున్నావు. మంట ఇనుముకి చూపించు, ఇనుము రాడ్‌ని కరిగించాలి. కాగిన పెనం మీద వేసిన నెయ్యి పరుచుకుంటుంది, చల్లటి పెనం మీద వేస్తే గడ్డలా కూర్చుంటుంది.

సైకిల్_శీను
బాబాయ్, ఫ్లక్స్ (అతికే చోట లోహం మీది మురికి పొరని కరిగించే మందు) వేయాలా? ఏసీ ఆయన ఈ రాడ్‌కి ఫ్లక్స్ అక్కర్లేదన్నాడు.

రాగిపైపు
అక్కడే ఉంది తిరకాసు. చప్పటి రాగి రంగు రాడ్ అంటే రాగి, ఫాస్ఫరస్ కలిసినది, కొన్నిట్లో కొంచెం వెండి. రాగికి రాగి అతికితే అందులో ఉన్న ఫాస్ఫరసే ఫ్లక్స్ పని చేస్తుంది, అందుకే ఏసీ వాళ్ళు విడిగా వేయరు. రాగికి ఇత్తడి అయితే ఫ్లక్స్ వేయాలి. ఇనుముకి ఈ రాడ్ అసలు వాడకూడదు. అంటుకున్నట్టు కనిపించినా ఫాస్ఫరస్ ఇనుముతో కలిసి పెళుసు పొర కడుతుంది, క్యారియర్ మీద మనిషి కూర్చోగానే గాజులా విరుగుతుంది. నీకు ఇన్నాళ్ళూ అంటుకోకపోవడమే మంచిదైంది.

వెలిగారం_బాబాయ్
రాగిపైపు చెప్పింది నిజం. సైకిల్‌కి ఇత్తడి రాడ్, ఫ్లక్స్‌గా వెలిగారం. పాత సైకిళ్ళ ఫ్రేములు లగ్గుల్లో, అంటే గొట్టాలు కలిసే చోట ఉండే తొడుగుల్లో, దూర్చి ఇత్తడితో బ్రేజ్ చేసినవే, ఇన్నేళ్ళు బరువులు మోశాయి. ఇత్తడి రాడ్ కరగడానికి దగ్గర దగ్గర 900 డిగ్రీలు కావాలి, ఇనుము 1500 దాకా కరగదు, మధ్యలో నీకు బోలెడంత చోటు ఉంది.

వెలిగారం పచ్చిగా వేయకు. పచ్చిదానిలో నీరు ఉంటుంది, మంట తగలగానే అటుకుల్లా పొంగి పైకి లేచి నువ్వు పెట్టిన ముక్కని కూడా పక్కకి తోసేస్తుంది. ముందే ఇనుప గరిటలో వేసి పొంగించి, చల్లారాక నూరి డబ్బాలో పెట్టుకో. రాడ్ కొసని కొంచెం వేడి చేసి ఆ పొడిలో ముంచితే అంటుకుంటుంది. ఇక ఇనుము మీద ఆ పొడి ఏమవుతోందో చూస్తూ ఉండు. ముందు తెల్లగా గరుకుగా ఉంటుంది, తర్వాత జిగురవుతుంది, ఆఖరికి గాజు కరిగినట్టు పల్చగా నిగనిగలాడుతూ పారుతుంది. అలా పారాక ఇనుము నిండు నారింజ ఎరుపులోకి వస్తే అప్పుడు రాడ్ ఆనించు. మాకు మీటర్ అంటే అదే.

అతికే చోట పెయింటు, తుప్పు, పాత ఇత్తడి మురికి ఎమరీ కాగితంతో తళతళలాడేదాకా రుద్దు. మురికి మీద వెలిగారం కూడా ఏమీ చేయలేదు.

గ్యారేజ్_గోపి
క్యారియర్‌కి తెల్ల పూత ఉంటే అది కూడా గీకెయ్యి. ఆ పొగ మంచిది కాదు.

దమ్మాం_రాజు
గోపి అన్న పూత జింకు. నా సొంత అనుభవం, కొత్తలో గాల్వనైజ్డ్ పైపు మీద మూసిన గదిలో రోజంతా పని చేశా. తెల్లటి పొగ, నోట్లో చిల్లర నాణెం చప్పరించినట్టు తియ్యటి రుచి. రాత్రి పదకొండుకి చలి మొదలైంది, మూడు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడాయి. రూమ్‌లో వాళ్ళు మలేరియా అన్నారు. మర్నాటి సాయంత్రానికి ఏమీ లేనట్టు లేచి కూర్చున్నా. ఫోర్‌మన్ పాలు తాగమన్నాడు, పాలు తాగితే తగ్గుతుందని సైట్‌లో అందరి నమ్మకం.

ఐటీఐ_మాస్టారు
పాలు తాగినా తాగకపోయినా ఒకటి రెండు రోజుల్లో తగ్గేదే ఆ జ్వరం, పేరు పాలకి వచ్చింది. పొగ ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, పాలు పొట్టలోకి వెళ్తాయి, దారులే వేరు. ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో పట్టేసినా పాల కోసం చూడకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఇత్తడి రాడ్‌లో కూడా జింకు ఉంది, అది 907 డిగ్రీలకే మరుగుతుంది, అంటే రాడ్ కరిగే వేడికి కొంచెం పైన అంతే. అతుకు మీద తెల్ల పొగ లేచి పక్కన తెల్ల బూడిద పడుతోందంటే వేడి ఎక్కువైంది, టార్చి వెనక్కి తీయి. ఆరుబయట, గాలి నీ వెనక నుంచి కాకుండా పక్క నుంచి వచ్చేలా కూర్చో. వెండి రాడ్ కొంటే కాడ్మియం అనే విష లోహం లేనిదే అడుగు, కాడ్మియం పొగ జ్వరంతో పోయేది కాదు.

టెక్సాస్_తెలుగోడు
ఒక్క క్యారియర్ కాలు కోసం మనిషి ఇంత చదవాలా అనుకున్నా, కానీ నా నీళ్ళ పైపు అతుకు ఈ రోజు కుదిరింది. నాబ్ సగం తిప్పి, మొగ్గని అంగుళంలో మూడో వంతు దూరం పెట్టి, సోల్డర్‌ని మంటకి అవతలి వైపు నుంచి ఆనించా. చుట్టూ తనే పాకిపోయింది. మా ఆవిడని పిలిచి చూపించా, బాగుంది, నీళ్ళు ఎప్పుడొస్తాయి అంది.

సైకిల్_శీను
అప్‌డేట్. డీలర్ దగ్గర రెగ్యులేటర్ విప్పి చూపించారు, సీటులో నూనె జిడ్డు తేలింది, ఆ రెగ్యులేటర్ పక్కన పడేసి కొత్తది తీసుకున్నా. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మా మామయ్య ఉంటాడు, ఎల్పీజీ హై ప్రెషర్ రెగ్యులేటర్, అరెస్టర్లు, కొత్త పైపులు అక్కడి నుంచి తెప్పించా. టార్చి కన్నా ఈ సామాను ఖర్చే ఎక్కువైంది. 5 కిలోల బండ కూడా వచ్చింది. అమ్మ టార్చి ఇచ్చింది. ఇప్పుడు మొదటి నుంచి చెప్పండి, ఏది ముందు తిప్పాలి?

ఐటీఐ_మాస్టారు
రెండు రెగ్యులేటర్ల మరలూ పూర్తిగా వదులు చెయ్యి, అంటే బయటికి ఏమీ పోకుండా. పక్కకి నిలబడు, మీటర్ అద్దానికి ఎదురుగా కాదు. ఆక్సిజన్ వాల్వు మెల్లగా, ముల్లు పైకి పాకేలా తెరువు, తర్వాత నిండా తెరిచేయొచ్చు. బండ వాల్వు కూడా మెల్లగానే. ఒక్కో గ్యాస్‌ని విడివిడిగా టార్చిలోంచి కొన్ని సెకన్లు వదిలి పైపుల్లో ఉన్న పాత గాలిని తరిమెయ్యి. అన్ని అతుకుల మీద సబ్బు నీళ్ళు రాయి, బుడగ వస్తే ఆగు. ఎల్పీజీ గాలి కన్నా బరువు, లీకైతే పైకి పోదు, నేల మీద నీళ్ళలా పరుచుకుని గుంటల్లో చేరుతుంది, కాబట్టి గొయ్యి పక్కన, డ్రైనేజీ మూత పక్కన పెట్టుకుని వెలిగించకు.

ప్రెషర్ నీ టార్చి తయారీదారు చెప్పిందే ప్రమాణం. కాగితం లేదు గనక ఆ టార్చిని కూడా డీలర్‌కి చూపించి అడుగు. ఇలాంటి చిన్న టార్చికి సాధారణంగా ఎల్పీజీ 0.3, ఆక్సిజన్ 1 దగ్గర మొదలుపెడతారు.

వెలిగించేటప్పుడు గ్యాస్ నాబ్ ఒక్కటే పావు చుట్టు, ఫ్లింట్ లైటర్‌తో, అంటే రాయి గీకి నిప్పురవ్వ పుట్టించే దానితో వెలిగించు, సిగరెట్ లైటర్ వద్దు. తర్వాత ఆక్సిజన్ వెంట్రుక వాసి చొప్పున పెంచు. పసుపు పోయి, లోపల పొడవైన మసక నీలం మొగ్గ కనిపిస్తుంది. ఇంకా పెంచితే ఆ మొగ్గ పొట్టిదై, అంచు స్పష్టంగా, కొస గుండ్రంగా వస్తుంది. అక్కడ ఆగు. ఇంకా పెంచితే సూదిలా మొనదేలి బుసకొడుతుంది, అది ఆక్సిజన్ ఎక్కువైన మంట, నీ ఇనుముని నల్లటి పెచ్చుతో కప్పుతుంది. ఇన్నాళ్ళూ నువ్వు వెలిగించింది అదే. బ్రేజింగ్‌కి గ్యాస్ ఒక వెంట్రుక వాసి ఎక్కువున్నా పర్వాలేదు.

గ్యారేజ్_గోపి
నా మొదటి పోస్టు చూడండి. ఆక్సిజన్ ఎక్కువైంది, తగ్గించు, అంతే. రెండు వారాల తర్వాత మాస్టారు కూడా అక్కడికే వచ్చారు.

రాగిపైపు
ఆ రోజు నువ్వు చెప్పినట్టు తగ్గించి ఉంటే స్టౌ రెగ్యులేటర్, కొబ్బరి నూనె రెండూ అలాగే ఉండేవి గోపీ.

గ్యారేజ్_గోపి
సరే సరే. ఆపేటప్పుడు గ్యాస్ ముందు కట్టేయాలి, అది మాత్రం నేనే కరెక్ట్.

దమ్మాం_రాజు
కాదు, మాకు ఆక్సిజన్ ముందు కట్టమని నేర్పారు. అప్పుడు ఉత్త గ్యాస్ మంట మిగులుతుంది, దాన్ని కట్టినప్పుడు మంట పూర్తిగా ఆరకుండా చిన్న దీపంలా మిగిలితే వాల్వు లీకవుతోందని కంటికే తెలుస్తుంది. నీ పద్ధతిలో అది కనబడదు.

గ్యారేజ్_గోపి
నీ పద్ధతిలో మసి తీగలు షాపంతా ఎగురుతాయి. ఎసిటిలిన్‌తో చేసి చూడు, చొక్కా నల్లగా అవుతుంది. గ్యాస్ ముందు కడితే మంటకి తిండి లేక అక్కడికక్కడే పోతుంది.

ఐటీఐ_మాస్టారు
రెండు పద్ధతులూ నేర్పేవాళ్ళు ఉన్నారు, రెంటికీ కారణాలు ఉన్నాయి, మీ టార్చి కంపెనీ ఏది చెబితే అది చేయండి. మా దగ్గర రోజువారీ ఆపడానికి గ్యాస్ ముందు అంటాం. కానీ మంట లోపలికి దూరి టార్చి ఈలవేసినట్టు కీచుమంటే ఆక్సిజన్ ముందు, వెంటనే గ్యాస్. ఇక్కడ వాదన లేదు, ఆక్సిజన్ ఆగితే లోపల మంట ఆగుతుంది. తర్వాత సిలిండర్లు కూడా కట్టేసి, టార్చి చల్లారాక, ఎందుకు జరిగిందో తేలాకే మళ్ళీ ముట్టుకోవాలి.

సైకిల్_శీను
వెలిగింది! మొగ్గ గుండ్రంగా వచ్చింది, టప్ లేదు. కానీ మంట తిన్నగా రావడం లేదు, ఒక పక్కకి వంగి, కొసలో రెండు పాయలుగా చీలుతోంది. నాజిల్ శుభ్రంగానే ఉంది, మొదట్లోనే అమ్మ కుట్టు సూదితో బాగా తిప్పి తిప్పి క్లీన్ చేశా.

వంకాయ_పచ్చడి
అమ్మ టార్చి మళ్ళీ దాచాలేమో.

రాగిపైపు
తిప్పి తిప్పి అన్నావు కదా, అదే జరిగింది. నాజిల్ రాగి, మెత్తన, సూది ఉక్కు. రంధ్రం మూతి గరాటులా అరిగిపోయింది. నాజిల్ పిన్నుల సెట్టు దొరుకుతుంది, రంధ్రానికి సరిపోయే దానికన్నా ఒక సైజు చిన్నది తీసుకుని తిన్నగా లోపలికి, తిన్నగా బయటికి, తిప్పడం లేదు. నీకు ఇంకా రెండు నాజిళ్ళు ఉన్నాయిగా, సూది పెట్టనిది ఏదైనా మిగిలిందా?

సైకిల్_శీను
ఒకటి మిగిలింది, అన్నిట్లో పెద్దది. దాంతో వెలిగిస్తే మంట తిన్నగా ఉంది. ఇన్నాళ్ళూ చిన్నదానితోనే నేర్చుకోవాలేమో అనుకున్నా.

ఐటీఐ_మాస్టారు
పెద్దదే నీకు నయం. చిన్న నాజిల్‌తో లావు కడ్డీ వేడెక్కించాలంటే కొస దగ్గరికి తెచ్చి ఆనించాల్సి వస్తుంది, ఆనిస్తే కొస వేడెక్కి టప్ అంటుంది. అలాగే పెద్ద నాజిల్ పెట్టి మంట చిన్నగా ఉండాలని నాబ్‌లు బాగా తగ్గించినా టప్ అంటుంది. మంట చిన్నది కావాలంటే నాజిల్ మార్చాలి. ఎల్పీజీకి ఎసిటిలిన్‌లా మొగ్గని 2, 3 మిల్లీమీటర్ల దగ్గర పెట్టక్కర్లేదు, బయటి మంటలోనే వేడి ఎక్కువ, దూరంగా పట్టుకుని చుట్టూ ఆడించు.

నీ మొదటి పోస్టులో వెల్డింగ్ అడిగావు. ఆక్సిజన్‌తో ఎల్పీజీ ఇనుముని కరిగించగలదు, కానీ అతుకు బాగుండదు, ద్రవం కుతకుతలాడి బుడగలు పడుతుంది. ఎసిటిలిన్‌లో ఆక్సిజన్ సమపాళ్ళలో కలిస్తే మొగ్గ దగ్గర కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ పుడతాయి, అవి కరిగిన ఇనుము మీద గొడుగులా ఉండి గాలి తగలనివ్వవు. వేడి కూడా 3100 డిగ్రీల పైమాటే. 1903లో ఫ్రాన్స్‌లో ఫూషే, పికార్ అనే ఇద్దరు ఆ టార్చి తయారుచేసినప్పటి నుంచి గ్యాస్ వెల్డింగ్ అంటే ఎసిటిలినే. అందులో మంట సెట్ చేయడం ఇంకా తేలిక, మొగ్గ చుట్టూ తెల్లటి ఈకలాంటిది ఒకటి కనిపిస్తుంది, ఆక్సిజన్ పెంచుతుంటే అది కుంచించుకుపోయి మొగ్గలో కలిసిపోయిన క్షణమే సరైన మంట. కానీ ఆ మెరూన్ సిలిండర్‌కి దాని మర్యాదలు దానికి ఉన్నాయి, పడుకోబెట్టకూడదు, లోపల స్పాంజిలో ఎసిటోన్ ఉంటుంది, ప్రెషర్ 1 కిలో దాటించకూడదు, లైన్‌లో రాగి గొట్టం పెట్టకూడదు. అది నేర్చుకోవాలంటే ఇక్కడ చదివి కాదు, ఎవరిదైనా షాపులో పక్కన కూర్చుని.

దమ్మాం_రాజు
కళ్ళజోడు అడగలేదు ఎవరూ. చలవ కళ్ళద్దాలు కాదు, బ్రేజింగ్‌కి 3 లేదా 4 షేడ్ (అద్దం నలుపు నంబర్), గ్యాస్ వెల్డింగ్‌కి 5. నైలాన్ చొక్కా వేసుకోకు, కాటన్.

సైకిల్_శీను
అయింది!! ఎమరీతో రుద్ది, పొంగించిన వెలిగారం వేసి, పెద్ద నాజిల్‌తో రెండు వైపులా ఆడించా. తెల్ల పొడి జిగురై, గాజులా పారింది. కడ్డీ నారింజ ఎరుపు రాగానే రాడ్ ఆనిస్తే, ఒక క్షణం ఏమీ కాలేదు, తర్వాత ఇత్తడి ఒక్కసారి చీమల బారులా చుట్టూ పాకింది. బాబాయ్, మీరు చెప్పిన పెనం మీద నెయ్యి అదే. నీళ్ళలో ముంచకుండా ఆరనిచ్చా. ఫోటో పెట్టా, కొంచెం ముద్దగా ఉంది, నవ్వొద్దు. 25 కిలోల బియ్యం బస్తా కట్టి రెండు కిలోమీటర్లు తొక్కా, కదల్లేదు.

వెలిగారం_బాబాయ్
ముద్దగా ఉన్నా పట్టింది, ఇత్తడి అంచు ఇనుములోకి కలిసిపోయి ఉంది చూడు, గీత కనిపించడం లేదు. ఆరిన వెలిగారం గాజులా మిగిలి ఉంటుంది, వేడి నీళ్ళలో నాననిచ్చి బ్రష్షుతో రుద్ది తీసెయ్యి.

రాగిపైపు
ఫోటో జూమ్ చేశా. క్యారియర్ విప్పకుండా సైకిల్ మీదే చేశావా? టైర్ కాలలేదా?

సైకిల్_శీను
టైర్ ముందే తీశా అన్నా, అంత తెలివి ఉంది.

రాగిపైపు
మరి సీటు వెనక భాగం నల్లగా ఉందేంటి?

సైకిల్_శీను
తోలు సీటు ఎలా బాగుచేయాలో ఇంకో థ్రెడ్ వేస్తున్నా.